ద్రాక్షతోటలో యమునాబాయి

మా అత్తమ్మ యమునాబాయి ఎక్కడికైనా పోతున్నదంటే భివండి కామత్‌ఘర్‌లో మా గల్లీ మొత్తానికి తెలియాల్సిందే. పెళ్ళికో చావుకో తప్ప గడప దాటని మనిషి, మొదటిసారి ఊరికే తిరిగి రావడానికి పోతున్నది. అదీ నాసిక్ దగ్గర ద్రాక్షతోటలకు! 2006 ఫిబ్రవరి మాట. ఆ సంతోషం ఆమె కడుపులో దాగలేదు. పాలవాడికి చెప్పింది. నీళ్ళ కోసం బిందెలు పట్టుకొని నిలబడ్డ వాళ్ళందరికీ చెప్పింది. గైబీ నగర్ నుంచి మాకు నూలు తెచ్చే టెంపో డ్రైవరుకైతే రెండుసార్లు చెప్పింది.

"తోటల్నే రూమంట. కిటికీ తెరిస్తే ద్రాక్షగుత్తులంట. చెయ్యి చాపి తెంపుకొని తినుడే!"

డ్రైవరుకు తెలుగు రాదు. అయినా ఆమె ముఖం చూసి అతనూ నవ్వాడు.

నాకు కోపం ముక్కుమీద ఉంటుందని అందరూ అంటారు. నిజమే. ఆమె కోడలిని కాబట్టి ఉప్పు దగ్గర్నుంచి ఉతుకు దాకా రోజూ ఆమెతో ఏదో ఒక పేచీ పెట్టుకుంటాను. కానీ ఆ వారమంతా మేమిద్దరం కొట్లాడలేదు. మంగళవారం నుంచే ఆమె సర్వపిండికి బియ్యప్పిండి పట్టించడం, మడత విప్పని ఆకుపచ్చ చీరను తీసి చూసుకోవడం, మళ్ళీ మడిచిపెట్టడం. "ఏందత్తమ్మా, పెండ్లిచూపులకు పోతున్నవా?" అని నేనంటే, "నాకెవ్వరన్న పెండ్లిచూపులు చూసిండ్రా పిల్లా? గిప్పుడన్న పోనియ్యి" అంది.

ఆమె జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టింది. ఓణీ వేసుకునే వయసులోనే పెళ్ళయి, మా మామ బుచ్చిరాములు వెంట భివండి వచ్చింది. అప్పుడు మామ వేరేవాళ్ళ మగ్గాలు నడిపే కూలి. ఆమె అదే షెడ్డులో కండెలు చుట్టేది. మూలకు చీరతో ఉయ్యాల కట్టి పిల్లలను అందులో వేసేది. మా ఆడపడుచు శ్రద్ధ ఆ మగ్గాల మోతలోనే నిద్రపోయేదట. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేదట. ఇప్పుడు మాకు సొంతంగా ఎనిమిది మగ్గాలున్నాయి. ఆ మోతలో ముప్ఫై ఏళ్ళు అరిచి అరిచి, మా అత్తమ్మకు మెల్లగా మాట్లాడటం అనేదే రాకుండా పోయింది. ఆమె గుసగుస నాలుగిళ్ళకు వినబడుతుంది.

ఇక ఈ ప్రయాణం ఎందుకొచ్చిందో చెప్పాలి. శ్రద్ధ ఠాణే నగరంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, నాసిక్ అవతల ఒక పెద్ద ద్రాక్షతోటల కంపెనీలో ఉద్యోగానికి చేరింది. "హోటల్ నౌకరీ" అని ఇంట్లో చెప్పింది. నాలుగు నెలలు అందరూ సంతోషంగానే ఉన్నాం. మా గల్లీ అంకుశం షిర్డీ నుంచి వస్తూ స్నేహితులతో ఆ తోట చూడటానికి ఆగాడు. తిరిగొచ్చి మా గడపలో నిలబడి, "రాములన్నా, నీ బిడ్డ నల్లకోటు ఏసుకొని అందరికి గిలాసలల్ల ఎర్రమందు పోస్తున్నది. నా కండ్లతోని చూసిన" అన్నాడు.

మా మామ మెడలో తులసిమాల ఉంటుంది. ఆయన తమ్ముడు మల్లన్న తాగి తాగి, పెళ్ళి కాకుండానే పోయాడు. ఆ ఏడే మామ పంఢరపురం వెళ్ళి మాల వేసుకొచ్చాడు. మాల వేసుకుంటే మాంసం లేదు, మందు లేదు. ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంట్లోకి ఆ వాసనే రాలేదు. అలాంటి ఇంటి పిల్ల మందు పోస్తోందంటే ఆయనకెలా ఉంటుంది? ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయాడు. పొద్దున్నే బిడ్డకు ఫోన్ చేశాడు.

"శుక్రవారం మగ్గాలు బంద్ ఉంటయ్. నేనస్తున్న. నా కండ్లతోని చూస్త. మనసున పట్టకుంటే బట్టలు సర్దుకొని మా ఎంట బస్సెక్కాలె."

శ్రద్ధ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "రా బాపూ. అమ్మను, వదినను కూడా తోల్కరా. ఇక్కడ మా ఇంటోళ్ళకు రెండ్రోజులు గెస్ట్ రూం ఇస్తరు. ఆరామ్‌సే ఉండు. అంతా చూసినంకనే చెప్పు. నువ్వు రమ్మంటే వస్త, ప్రామిస్" అంది. ఫోన్ పెట్టేశాక మామ ముఖం ఇంకా ముడుచుకుంది. ఎదురు తిరిగే పిల్లయితే తిట్టొచ్చు. ఒప్పుకొనే పిల్లను ఏం చేయాలి?

మగ్గాలు చూసుకోవడానికి మా ఆయన రమేశ్ ఉండిపోయాడు. మేం ముగ్గురం ఎర్ర ఎస్టీ బస్సెక్కాం. కసారా ఘాట్ ఎక్కుతుంటే అత్తమ్మ చిన్నపిల్లయిపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అగో లోయ! అగో రైలు! శోభా, చూసినవా, రైలు మన కింద పోతున్నది!" అని బస్సంతా దద్దరిల్లేలా అరిచింది. ఇగత్‌పురి దాటాక చల్లగాలి తగిలితే, "గీ గాలికే సగం కడుపు నిండింది" అంటూ మిగతా సగానికి సర్వపిండి విప్పింది. ముందు సీటులో కూర్చున్న మరాఠీ ముసలమ్మకు కూడా పెట్టింది. మామ మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన మనసులో ఏముందో తెలుసు కాబట్టి నా వంతు సర్వపిండి మళ్ళీ పొట్లంలోనే పెట్టేశాను. శ్రద్ధను ఆదివారం ఈ బస్సులోనే వెనక్కి తీసుకొస్తామా?

తోట చూసిన క్షణం ఆ భయం కూడా మర్చిపోయాను. కొండ కింద నుంచి చెరువు దాకా తీగలు వరసలు వరసలుగా, ఇనుప తీగలమీద పాకి ఉన్నాయి. గుత్తులు నల్లగా, చిన్నగా, కిక్కిరిసి ఉన్నాయి. అత్తమ్మ జోలె సంచి కింద పడేసింది.

"అయ్యయ్యో, ఎవరో పడుగు పోసినట్టున్నది కదయ్యా! ఒక్క పోగు గూడ తెగలే!"

మామ అప్పుడు మొదటిసారి తల తిప్పి వరసల వెంట చివరిదాకా చూశాడు. మగ్గం మనిషికి పడుగు దారాల వరస చూస్తే కళ్ళు ఆగవు. మళ్ళీ ముఖం ముడుచుకున్నాడు.

శ్రద్ధ ఎదురొచ్చింది. నల్లకోటు, తెల్లచొక్కా, జుట్టు ముడి. నేను ఎప్పుడూ చూడని నడక. తండ్రి కాళ్ళకు మొక్కింది. ఆయన ఆ కోటు వైపు చూసి, "నీ కొలువు రేపు చూస్త" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం ఆమె మమ్మల్ని తోటంతా తిప్పింది. వైన్ పులిసే మనిషెత్తు స్టీలు టాంకులు చూపించింది. గచ్చు నేలమీద వరసగా పేర్చిన చెక్కపీపాలు చూపించింది. పండ్ల తొక్కలోంచే ఎరుపు వస్తుందనీ, తొక్క తీసేస్తే నల్లద్రాక్ష రసం కూడా తెల్లగానే ఉంటుందనీ చెప్పింది. అత్తమ్మ ప్రతిదానికీ "అవునా బిడ్డా! నిజమా బిడ్డా!" అంటూ పీపాలను బర్రెను తట్టినట్టు తట్టుకుంటూ నడిచింది. నాకు కూడా ఎంత ఉత్సాహం వచ్చిందంటే, మామ ఉన్నాడని మరిచి, "ఇందులోంచి ఒక గిలాస మాకేమైనా దొరుకుతదా?" అని అడిగేశాను. శ్రద్ధ తండ్రి వైపు చూసి నాలుక కరుచుకుంది.

మరునాడు శనివారం. రుచి చూపించే హాలు అద్దాల గోడలతో, అద్దంలాంటి గచ్చుతో మెరిసిపోతోంది. ముంబై నుంచి వచ్చిన కొందరు పెద్దమనుషులు బల్ల చుట్టూ నిలబడ్డారు. మేం ఓ చివర. మామ లోపలికి రాలేదు. చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడి చూస్తున్నాడు. శ్రద్ధ వణకని చేత్తో ఒక్కొక్కరి గ్లాసులో రెండు గుక్కలు పోసుకుంటూ వచ్చింది. ఇంగ్లీషులో ఒక మాట, మరాఠీలో ఒక మాట, మధ్యలో నవ్వు. మా ఇంటి పిల్లేనా అని నేను నోరు తెరుచుకొని చూస్తున్నాను. చివరికి తల్లి దగ్గరకు వచ్చి ఆమె గ్లాసులో కూడా పోసింది.

అత్తమ్మ గ్లాసు అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఆపైన ఎవరూ అనుకోని పని చేసింది. కొంచెం వంగి, గ్లాసు ఓరగా వంచి, ఆ మెరిసే తెల్లటి గచ్చుమీద ఎర్రగా నాలుగు చుక్కలు వదిలింది.

"తల్లీ పోచమ్మా, నీ వాటా!"

గుసగుసగానే అన్నానని ఆమె ఉద్దేశం. హాలంతా వినబడింది. అందరూ తిరిగి చూశారు.

మావైపు తాగేముందు సాక పోస్తారు. కల్లు అయినా, సారా అయినా ముందు నాలుగు చుక్కలు నేలకు, అవి అమ్మవారివి. మామ మాల వేసుకున్నాక మా ఇంట్లో పోచమ్మకు బెల్లంనీళ్ళే సాక పోస్తున్నాం. కానీ చెయ్యి అలవాటు చెయ్యిదే కదా. అక్కడ మట్టి నేల లేదు, గచ్చు ఉంది, చుట్టూ దొరలున్నారు అని ఆ చెయ్యికేం తెలుసు?

మేనేజరు బల్ల అవతలి నుంచి వచ్చాడు. "కాయ్ ఝాలా?" అంటూ ఏమైందో శ్రద్ధను అడిగాడు. ఉద్యోగం తండ్రి మాన్పించడం కాదు, తల్లే పోగొట్టేలా ఉందనుకున్నాను. శ్రద్ధ ఏమంటుందోనని మామ కూడా గుమ్మం పట్టుకొని ముందుకు వంగాడు. శ్రద్ధ తొణకలేదు. "ఈమె మా అమ్మ. తాగేముందు అమ్మవారి వాటా నేలకు వదలడం మా ఇంటి పద్ధతి" అని మరాఠీలో చెప్పి, ముంబై వాళ్ళకు ఇంగ్లీషులో కూడా చెప్పింది. మేనేజరు గచ్చు వైపు ఓసారి, అత్తమ్మ వైపు ఓసారి చూశాడు. "బరం, సరే. ఎవరైనా జారిపడతారు, తుడిచెయ్" అని వెళ్ళిపోయాడు. శ్రద్ధ అందరి ముందే మోకాళ్ళమీద కూర్చొని గుడ్డతో తుడిచింది. లేచి తల్లితో, "ఇగ తాగు అమ్మా" అంది.

అత్తమ్మ తాగలేదు. గ్లాసు రెండు చేతులా పట్టుకొని నిలబడిపోయింది. తను చేసిన పని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

"ఎట్ల తాగుదు బిడ్డా? సాక పడ్డది. మీ బాపు ముట్టంది నేనెట్ల ముడుత?"

సాక పోశాక ఇంటి పెద్ద మొదట ముట్టాలి. అప్పుడే మిగిలినవాళ్ళు తాగాలి. పారబోస్తే అమ్మవారిని అవమానించినట్టు. ముట్టుకోవాల్సిన మనిషి మెడలో చూస్తే తులసిమాల! ఇరుక్కుపోయాం. శ్రద్ధ గుమ్మం వైపు చూసింది. నేనూ చూశాను. సంగతి అర్థం కాకపోయినా ముంబై వాళ్ళు కూడా గ్లాసులు చేతుల్లో పట్టుకొని అటే చూశారు.

మామ లోపలికి వచ్చాడు. ఒట్టి కాళ్ళతో ఆ గచ్చుమీద మెల్లగా నడిచి భార్య ముందు ఆగాడు. మాలను చొక్కా లోపలికి తోశాడు. ఉంగరం వేలు గ్లాసులో ముంచి ఒక కంటికి, మళ్ళీ ముంచి ఇంకో కంటికి అద్దుకున్నాడు.

"తల్లి పేరుమీద పడ్డది. నేను ముట్టిన. ఇగ తాగు" అన్నాడు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మాల మాలలాగే ఉంది, అమ్మవారి మాటా నిలిచింది. అత్తమ్మ గుక్క పోసుకుంది. అబ్బ, ఆ ముఖం! కళ్ళు పెద్దవయ్యాయి, బుగ్గలు పొంగాయి, మింగాక పెదవులు చప్పరించింది. ఎంతో కాలం కనబడకుండా పోయిన మనిషి ఇంటికొస్తే చూసినట్టు ఆ గ్లాసును చూసింది.

అక్కడినుంచి ఆమెను పట్టేవాళ్ళే లేరు. మొదటిది జిన్‌ఫాండెల్ అనే రకం. "గిది మొర్రిపండే! చిన్నప్పుడు అడివిల ఏరుకొని తిన్నది గిదే!" అంది. మెర్లో పోస్తే, "మెత్తగున్నది. కొత్తల్లుడు మాట్లాడినట్టు" అంది. కాబర్నే తాగి ముఖం చిట్లించి, "నేరేడుగింజ నాకినట్టు వగరు. కోపంల మా శోభ లెక్క" అంది. నేను మూతి తిప్పాను గానీ, నాకు ఆ నాలుగింటిలో అదే నచ్చింది. చివర షిరాజ్. అది నోట్లో పెట్టుకొని చాలాసేపు మింగలేదు. మింగాక గ్లాసు మళ్ళీ చాపింది.

"మిరియం కొట్టి ఏసిండ్రా బిడ్డా? గిది ఇంకింత పొయ్యి. గిదొక్కటి నాది."

ముంబై పెద్దాయనొకరు రుచి చూసి పక్కనున్న బకెట్లో ఉమ్మితే, ఆమె అటు తిరిగి, "అయ్యో అన్నా, కడుపుల మంచిగ లేదా?" అని బాధపడింది. శ్రద్ధ అది అతనికి చెబితే ఆయన పగలబడి నవ్వి, తర్వాతిది ఉమ్మకుండా మింగాడు. హాలంతా నవ్వులే. మామ మళ్ళీ గుమ్మం దగ్గరికే పోయి నిలబడ్డాడు. ఆయన బిడ్డను చూడటం లేదు, భార్యను చూస్తున్నాడు. నేను పక్కకు పోతే, "శోభా, మీ అత్త గిట్ల నవ్వుతదా?" అని అడిగాడు. ఆమె ఇలా నవ్వడం నేనూ అదే మొదటిసారి చూడటం.

మధ్యాహ్నం తీగల నీడలో కూర్చున్నాం. అత్తమ్మ బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. పండు తెంపి తింటూ, తమ పల్లెలో వాళ్ళ నాయనమ్మ తాటాకు డొప్పలో తనకు కల్లు పోసిన సంగతి చెబుతోంది. మామ ఉన్నట్టుండి అడిగాడు.

"గంత ఇష్టమైతే ఇన్నేండ్లు ఎందుకు తాగలేదే?"

"నువ్వు మాలేసుకుంటివి కదా."

"నేనేసుకున్న. నిన్ను మానమని ఎన్నడన్న అన్ననా?"

"అనలే. అంటే కొట్లాడుదును. అనకపోతివి, మానుకుంటి." ఇంకో పండు నోట్లో వేసుకుంది. "మల్లన్న పోయిన ఇంట్ల నేనెట్ల తాగుదునయ్యా?"

మామ నేలమీది మట్టిబెడ్డ తీసి వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. శ్రద్ధ అడగలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు. అత్తమ్మ మాత్రం పడుకునే ముందు నా చెవి దగ్గర, అంటే తోటలో అందరికీ వినబడేలా, "పిల్లను తీస్కపోతే నేను గీడనే ఉంట, చెప్పు మీ మామకు!" అంది. అవతలి మంచంమీద మామ దగ్గాడు.

ఆదివారం పొద్దున శ్రద్ధ మాతో రోడ్డు దాకా వచ్చింది. నల్లకోటు లేదు, మామూలు చుడీదార్. భుజానికి బట్టల బ్యాగు. అది చూడగానే నాకు కోపం ముంచుకొచ్చింది. మామను అక్కడే నాలుగు మాటలు కడిగిపారేయాలనుకున్నాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని నొక్కింది.

బస్సు వచ్చింది. మేమిద్దరం ఎక్కాం. మామ మెట్టుమీద కాలు పెట్టాడు. శ్రద్ధ కింద నిలబడే ఉంది.

"బాపూ, నేను ఎక్కాల్నా?"

ఆయన వెనక్కి తిరిగాడు. కండక్టరు గంట తాడు మీద చెయ్యి వేసి చూస్తున్నాడు.

"మీ అమ్మ నేనడగకుంటనే మానుకున్నది. గంత ఇష్టాన్ని మానుకున్నదని నాకు నిన్న తెల్సింది. నువ్వు నేనడిగితే మానుకుంటవ్, నాకు ఎర్కే. అందుకే అడుగుత లేను బిడ్డా."

శ్రద్ధకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్యాగు భుజంమీంచి జారిపోయింది. రోడ్డు పక్కన, ద్రాక్షబండ్లు పోతుంటే, రెండు చేతులతో ముఖం కప్పుకొని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "కోటేసుకో పో, ఆలస్యమైతున్నది" అని మామ అరిచాడు. మా మామకు కూడా మెల్లగా మాట్లాడటం రాదు.

గంట మోగింది. ఆయన వచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నాడు. ఘాట్ దిగేదాకా ఆమె అంతమంది చూస్తుండగా ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని, గట్టిగా పట్టుకొని కూర్చుంది.